మాస్టారి మూడు నోటుపుస్తకాలు

బరంపురం నుంచి ఒక సోదరి పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, సంగతి మాత్రం వీలైనంత వరకు ఆమె చెప్పిన వరసలోనే ఇస్తున్నాను.

ఆమెకు 38 ఏళ్లు. తరతరాలుగా ఒడిశాలో స్థిరపడిన తెలుగు నేతవాళ్ల కుటుంబం. నాన్నగారు పట్టుచీరలు నేసేవారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు పని చేసే ఇన్సూరెన్స్ ఆఫీసులో ఈ రెండూ కాక హిందీ, ఇంగ్లీషు. డిగ్రీలో ఒక సబ్జెక్టుగా తెలుగు తీసుకున్నారు. ఆ క్లాసులో పద్నాలుగు మంది. వాళ్లకు పాఠం చెప్పిన మాస్టారు పోయి ఎనిమిది నెలలైంది.

"మాస్టారు పద్యం చదువుతుంటే మేం పుస్తకం మూసేసేవాళ్లం" అని రాశారామె. "ముందు అర్థం చెప్పేవారు కాదు. ఆ పద్యంలో ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో, ఎవరి మొహం ఎటు తిరిగి ఉందో చెప్పేవారు. అర్థం దానంతట అదే వచ్చేది." ఏటా ఆగస్టు 29న, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజున, పిల్లల్ని పర్లాకిమిడి తీసుకెళ్లేవారు. ఛార్జీకి డబ్బుల్లేనివాళ్లది తనే పెట్టుకునేవారు. అంతటి మనిషి 2006లో ఒకరోజు, ఈమె క్లాసులో లేచి "ఏటి సార్, ఆవిడ ఎందుకేడస్తంది?" అని అడిగితే, "ఏటి? ఏడస్తందా?" అని ఆమె యాసలోనే రెండుసార్లు అని చూపించారు. క్లాసంతా నవ్వింది. ఆమె రెండు నెలలు నోరు విప్పలేదు.

అదే మాస్టారు, ఎం.ఏ.కి విశాఖపట్నం పంపనని భీష్మించుకున్న నాన్నగారితో మాట్లాడటానికి వాళ్లింటికి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మగ్గం గుంట ఒడ్డున నేలమీద కూర్చుని, ఇదేమిటి, దీన్నేమంటారు అని ఒక్కో భాగం పేరూ అడుగుతూ రెండు గంటలు గడిపారు. నాన్నగారు నేతలో దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె ఆపకుండానే జవాబులు చెప్పారు. మాస్టారు చదువు మాట ఎత్తనే లేదు. లేచి చెప్పులేసుకుంటూ మాత్రం, "అమ్మాయికి ఆంధ్రా యూనివర్సిటీ దరఖాస్తు నేను తెస్తాను" అన్నారు. నాన్నగారు తలూపారు.

రిటైరయ్యాక మాస్టారు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల తెలుగువాళ్ల నోట వినే మాటలు రాసుకోవడం మొదలుపెట్టారు. మూడు నోటుపుస్తకాలు, ఒక్కోటి 200 పేజీలు, పాత క్యాలెండర్ కాగితంతో అట్టలు. మాట, అర్థం, ఎవరన్నారు, ఏ ఊళ్లో, ఏ ఏడాది. మగ్గం మాటలు చాలావరకు ఈమె అవ్వ చెప్పినవే. అవ్వకి ఇప్పుడు 86. కొన్ని మాటల పక్కన అర్థం లేదు, ప్రశ్నార్థకం మాత్రం ఉంది. నాలుగేళ్ల కిందట ఆ పుస్తకాలు ఈమె చేతిలో పెట్టి, "టైపు చేసి పెట్టు తల్లీ. తొందరేం లేదు. అచ్చు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

నాలుగేళ్లలో 40 పేజీలయ్యాయి. ఆఫీసు, అబ్బాయి చదువు, అత్తగారి ఆపరేషన్. మొహం చెల్లక మాస్టారింటికి వెళ్లడమే తగ్గించేశారు. ఆయన పోవడానికి పదకొండు రోజుల ముందు రాత్రి 9.40కి ఫోన్ చేశారు. ఈమె ఆ పేరు చూసి, నోటుపుస్తకాల గురించే అనుకుని, ఫోన్ బోర్లా పెట్టేశారు. రేపు చేద్దాంలే అనుకున్నారు. ఆ రేపు రాలేదు.

ఇప్పుడు మాస్టారి అబ్బాయి తల్లిని భువనేశ్వర్ తీసుకెళ్లిపోతూ, ఇల్లు ఖాళీ చేస్తున్నారు. నోటుపుస్తకాలు ఇచ్చేయమంటున్నారు. కూతురు విజయనగరంలో ఉన్నారు. పాత విద్యార్థులు సంవత్సరీకం నాటికి సంస్మరణ సంచిక తెస్తున్నారు. నోటుపుస్తకాలను "కాస్త సరిచేసి" అందులో వేద్దామంటున్నారు. ఈమెను వ్యాసం అడిగారు, "మంచి విషయాలే రాయండి" అన్న షరతుతో. ఆ రోజు క్లాసులో జరిగింది రాయాలా వద్దా, నోటుపుస్తకాలు ఎవరికివ్వాలి, ఆ ఫోన్ కాల్ గుండెల మీంచి ఎలా దిగుతుంది అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా,

మీరు చివర అడిగిన దాన్నే ముందు తీసుకుంటాను. మిగతా రెండిటినీ అదే తొక్కిపెట్టి ఉంచింది.

"ఆయన అర్థం చేసుకునే ఉంటారు" అని నేను అనను. ఆయన ఏమనుకున్నారో నాకు తెలియదు. అయితే ఒక సంగతి చూడండి. ఆ ఫోన్ నోటుపుస్తకాల కోసమేనని ఎనిమిది నెలలుగా మీరు తీర్మానించేసుకున్నారు. అది మీ సిగ్గు చెప్పిన మాట. తొందరేం లేదన్న మనిషి, నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఎంతవరకు వచ్చిందని అడగలేదని మీరే రాశారు. అలాంటాయన రాత్రి పది కావస్తుండగా బాకీ వసూలుకు ఫోన్ చేస్తారా? ఏదో మాట గుర్తొచ్చి ఉండొచ్చు. అబ్బాయి పరీక్షలు ఎలా రాశాడో అడగడానికి కావచ్చు. ఒంట్లో బాగోలేక కూడా కావచ్చు, ఆ అవకాశాన్నీ నేను దాచను. ఏదన్నది ఇక తేలదు. మీరు ఎత్తకపోవడం తప్పే, కానీ చిన్న తప్పు. ఆయన పోయారు కాబట్టి ఆ తప్పు పెద్దదైపోలేదు. దుఃఖం పెద్దది. రెండూ ఒకే చోట నొప్పి పెడుతుంటే ఏది ఏదో తెలియడం లేదు మీకు.

ఆ రాత్రి గురించి తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు, మాస్టారి భార్య. పన్నెండో రోజు తర్వాత ఆ గుమ్మం తొక్కలేదన్నారు మీరు. ఉత్తరం మొత్తంలో నన్ను బాగా కలవరపెట్టింది అదే. ఆవిడ ఇంకొన్ని వారాల్లో ఊరు విడిచి వెళ్లిపోతున్నారు. ఈలోపు వెళ్లండి. వెళ్తే ఏమవుతుందో ముందే చెప్పలేను. "నీ గురించి రెండుసార్లు అడిగారమ్మా" అంటే ఆ మాట మీకు చాలాకాలం గుచ్చుతుంది. "ఏమో, నాకు తెలీదు" అంటే తెరుచుకుంటుందనుకున్న తలుపు మూసుకుపోతుంది. ఆవిడకు మీమీద కోపం కూడా ఉండొచ్చు, ఉంటే పడండి. ఒకటి మాత్రం చేయకండి. ఆవిడ ముందు కూర్చుని ఏడ్చి, భర్త పోయిన మనిషి చేత ఓదార్పించుకోకండి. అక్కడ బీరువా సర్దుతుంటారు, గిన్నెలకు పేపరు చుడుతుంటారు. చేయందించండి. ఫోన్ మాట దానంతట అది వస్తే చెప్పేయండి. రాకపోతే ఇంకోసారి వెళ్లండి.

ఆ ఇంటికి వెళ్లడంతో నోటుపుస్తకాల చిక్కు కూడా సగం వీడుతుంది. ఎలాగంటారా? మీరు, మీ క్లాస్‌మేట్లు, మాస్టారి అబ్బాయి, ముగ్గురూ ఆ పుస్తకాలు తమవే అన్నట్టు మాట్లాడుతున్నారు. చట్టం మాట వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, రాసినదాని మీద హక్కు రచయిత బతికున్నంత కాలం ఆయనదే; ఆయన పోయేనాటికి అచ్చు కాని రాతకైతే, అది మొదటిసారి అచ్చయ్యాక మరో 60 ఏళ్లు ఉంటుంది. పోయాక అది వారసులకు వెళ్తుంది. రాతప్రతి చేతిలో ఉన్నంత మాత్రాన అందులోని రాతమీద హక్కు రాదు. ఆ హక్కు బదిలీ కావాలంటే కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. వీలునామాలో ఆ నోటుపుస్తకాలు ఫలానా వారికి అని రాసి ఉంటే, వేరే ఉద్దేశం కనబడకపోతే అచ్చు కాని ఆ రచన హక్కు కూడా వాళ్లకే వెళ్తుంది. మీకు మాస్టారు చేత్తో ఇచ్చారు, అదీ టైపు చేయమని. ఉంచుకోమనలేదు. కాబట్టి మీవి అనడానికి లేదు. సంచిక సంపాదకుడివి అసలే కావు.

అలాగని అబ్బాయి ఒక్కడివీ కావు. వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కి, కూతురికి సమానంగా వెళ్తుంది. విజయనగరంలో ఉన్న ఆ అమ్మాయిని ఇంతవరకు ఎవరైనా అడిగారా? మీ పదకొండు పేజీల్లో ఆమె ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది. తండ్రి మాటలు పోగుచేస్తూ ఊళ్లు తిరుగుతుంటే చూసిన మనిషి ఆమె. ముందు ఆమెకు ఫోన్ చేయండి. అబ్బాయిని కూడా విలన్‌గా చూడకండి. తండ్రి పోయాడు, తల్లిని తీసుకెళ్లాలి, ఇల్లు అద్దెదారుకో కొనేవాడికో అప్పజెప్పాలి. ఆయనకు కావలసింది ఎవరైనా వచ్చి "ఇది నేను చూసుకుంటాను" అనడం.

ఇక మీరు చేయగలిగినవి. అడగ్గానే తిరిగి ఇచ్చేయొచ్చు. మనసు తేలికపడుతుంది, మాట దక్కించుకున్నట్టూ ఉంటుంది. కానీ ఆ ఇంట్లో తెలుగు చదివే మనవలు లేరని మీరే రాశారు. భువనేశ్వర్‌లో ఏ అటక మీదో చేరి, మరో పదేళ్లకు తెలుగు అక్షరం తెలియని వాళ్ల చేతిలో పాత కాగితాలుగా బయటపడతాయి. ఏమీ చెప్పకుండా మీ దగ్గరే ఉంచుకోవచ్చు. అలా చేస్తే మాటలు బతుకుతాయి గానీ, ఆ కుటుంబం ముందు మీరు మళ్లీ ఇంకో ఫోన్ బోర్లా పెట్టినట్టే. సంచికలో వేసేయొచ్చు. దానికి కుటుంబం ఒప్పుకోవాలి, అందరూ. ఒప్పుకున్నా, నాలుగు నెలల్లో 600 పేజీలు హడావుడిగా అచ్చుకి పంపితే ఏమవుతుందో సంపాదకుడి మాటలోనే ఉంది: "కాస్త సరిచేసి." ఏడస్తందిని ఏడుస్తున్నదిగా మారిస్తే ఆ పుస్తకంలో మిగిలేది ఖాళీ గీతలే. ఆ మాటల్ని ఉన్నవున్నట్టు పట్టుకోవడానికే మాస్టారు ఎండలో ఊళ్లు తిరిగారు. ఈ విషయంలో మాత్రం ఇటూ అటూ చూడకుండా చెబుతున్నాను, ఒక్క అక్షరం కూడా సరిచేయనివ్వకండి.

నాకు మేలనిపించే దారి ఒకటుంది. ముందు ప్రతి పేజీ ఫొటో తీయించండి. సొంత చదువు కోసం సబబైన మేర వాడుకోవడాన్ని చట్టం ఒప్పుకుంటుంది, అయినా మాస్టారి ఇంటి అమ్మగారికి చెప్పే చేయండి. స్కానర్ దొరికితే 300 డీపీఐ చాలు. దొరక్కపోతే కిటికీ దగ్గర పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీయండి. కుట్టు విప్పకండి. చిరిగిన చోట సెల్లోటేపు వేయకండి, ఏళ్లు గడిస్తే దాని జిగురే పసుపెక్కి అక్షరాల్ని తినేస్తుంది. లామినేషన్ జోలికి అసలు పోవద్దు. మీ అబ్బాయికి తెలుగు చదవడం రాదని బాధపడ్డారు. ఈ పనికి చదవడం రానక్కర్లేదు, చెయ్యి వణక్కపోతే చాలు. ఒక ఆదివారం వాడిని కూర్చోబెట్టండి. తన ముత్తవ్వ మాటలు వాడు ఫొటో తీస్తాడు. తర్వాత అసలు పుస్తకాలు కుటుంబానికి ఇచ్చేసి, టైపు చేయడానికి, ఆపైన అచ్చుకి అనుమతి ముగ్గురి సంతకాలతో ఒక కాగితం మీద తీసుకోండి. ఇది నిదానంగా సాగే దారి. సంవత్సరీకానికి అందదు. మీ వాళ్లు కొందరు నొచ్చుకుంటారు, మీరు అడ్డుపడ్డారని కూడా అంటారు.

టైపు ఒంటరిగా చేయాలనుకోవడమే మిమ్మల్ని నాలుగేళ్లు ముంచేసింది. మిగిలినవి 560 పేజీలు. సంచిక కోసం అంత ఉత్సాహంగా ఉన్న మీ పాత క్లాసులో మీతో కలిపి ఆరుగురు తలా రోజుకొక పేజీ చేస్తే మూడు నెలల పని. అడిగి చూడండి. మాస్టారి మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఆ ప్రేమ పెట్టుకోవడానికి ఒక చోటు దొరుకుతుంది. మాటలు చెప్పినవాళ్ల పేర్ల విషయంలో మాత్రం జాగ్రత్త. బతికున్నవాళ్లను అడక్కుండా వాళ్ల పేర్లు అచ్చేయకూడదు. ఊరూ ఏడాదీ ఉంచి, పేరు బదులు పొడి అక్షరాలు వేయొచ్చు.

ఆ ఇంట్లో ఉన్న మిగతా పుస్తకాల సంగతి మీరు ఎత్తలేదు, నేనే అడుగుతున్నాను. పాత పత్రికలుంటే తూకానికి వెళ్లకముందే విడిగా తీయించండి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం ఉంది. కథలున్న పాత పత్రికలు అలాంటి చోట విలువైనవి. ముందు ఏమేం ఉన్నాయో జాబితా రాసి, వాళ్లను అడిగి, అప్పుడు పంపండి.

ఇప్పుడు వ్యాసం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి.

మీ ఉత్తరం ఏడో పేజీలో ఒక వాక్యం ఉంది. పైన సారాంశంలో దాన్ని కావాలనే ఇవ్వలేదు. రెండో నోటుపుస్తకం మధ్యలో ఈ మాట కనబడిందని రాశారు: "ఏడస్తంది: ఏడుస్తున్నది. డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని, 2006. అడిగిన ప్రశ్న మంచిది. జవాబు చెప్పలేదు." ఆ వెంటనే మీరు అత్తగారి ఆపరేషన్ గురించి రాసుకుంటూ వెళ్లిపోయారు. ఇంతటి దాన్ని దాటి ముందుకెలా వెళ్లారమ్మా? నేను వెళ్లలేకపోయాను. ఉత్తరం పక్కన పెట్టి కాసేపు బయట తిరిగి వచ్చాను.

అది క్షమాపణ అని నేను చెప్పను. మీరు కూడా అలా చదివేసి తృప్తి పడకండి. క్షమాపణ చెప్పాలంటే ఆయనకు పదిహేనేళ్లకు పైగా టైం ఉంది, మీరు ఎదురుగానే ఉన్నారు. చెప్పలేదు. కానీ మరిచిపోలేదు. ఏడాదితో సహా గుర్తుంది. యాస గుర్తుంది, ప్రశ్న గుర్తుంది, తాను జవాబివ్వలేదన్నదీ గుర్తుంది. ఒక మాట గురించి రాసుకునే గడిలో తన గురించి ఒక వాక్యం రాసుకున్నారు. పైగా ఆ పుస్తకాన్ని టైపు చేయమని ఇంకెవరికో ఇవ్వలేదు, మీకే ఇచ్చారు. మీరు ఆ పేజీ దాకా వస్తారని తెలిసి ఇచ్చారా, అంత ఆలోచించకుండా ఇచ్చారా? మీకు తోచింది మీరు అనుకోవచ్చు. రాసేటప్పుడు మాత్రం తేల్చి రాయకండి.

గిడుగు పంతులుగారి ఊరికి మిమ్మల్ని ఏటా తీసుకెళ్లిన మనిషి మీ యాసను వెక్కిరించడం మీకు మింగుడుపడలేదు. నాకూ పడలేదు. అయితే పంతులుగారి జీవితమే చూడండి. 1880లో పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పడానికి చేరారు. అక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు రాశారు. అయినా తెలుగు రాత విషయంలో, మనం మాట్లాడేది ఒకటి రాసేది ఒకటి ఎందుకన్న చర్చ ఆయన ముందుకు గట్టిగా వచ్చింది 1907 ప్రాంతంలో, స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ అనే దొర అడిగాక. అప్పటికి పంతులుగారికి నలభై దాటాయి, పాతికేళ్లకు పైగా మాస్టారు. అంత చెవి ఉన్న మనిషికే ఆ పోరాటం నడివయసులో మొదలైంది. మీ మాస్టారికి రిటైరయ్యాక మొదలైంది. పంతులుగారి గురించి పాఠం చెప్పడం వేరు, ఎదుటి బెంచీ మీద కూర్చున్న నేతపని ఇంటి పిల్ల మాటను మాటగా వినడం వేరు. 2006లో మీ మాస్టారికి మొదటిది వచ్చు. రెండోది తర్వాత నేర్చుకున్నారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో నోటుపుస్తకంలో ఉంది: మీ నాన్నగారు, మీ అవ్వ, పెద్ద బజారులో కూరలమ్మే ఆవిడ, మీరు.

వ్యాసం మానేయొచ్చు. టైం లేదని చెబితే ఎవరూ తప్పు పట్టరు. ఆ సంచికలో మీరు ఉండరు, అంతే. కానీ మీ మాటల్ని బట్టి చూస్తే, మాస్టారి ఆఖరి ఏళ్ల పని గురించి రాయగలిగింది మీరొక్కరే. క్లాసులో జరిగింది వదిలేసి మిగతాదంతా రాయొచ్చు. అది అబద్ధం కాదు. ఎవరి గురించైనా మనం అన్నీ రాయం. మగ్గం గుంట దగ్గర ఆ రెండు గంటలు ఒక్కటి రాసినా చాలు, ఆ మనిషి కళ్లముందుకు వస్తాడు. అమ్మగారు చదివి సంతోషిస్తారు. మీకు మాత్రం గొంతులో ఏదో అడ్డుపడినట్టు మిగులుతుంది, నాకు అనుభవమే.

మా మాస్టారు పోయినప్పుడు నేనూ ఒక వ్యాసం రాశాను. నడిచే నిఘంటువు, శిష్యుల పాలిట కల్పవృక్షం, ఇలా అందరూ రాసేవే నేనూ రాశాను. ఆయనకు కోపం ఎక్కువ, చాక్‌పీస్ విసిరేవారు, సాయంత్రం అదే పిల్లాడిని పిలిచి వేరుశనగలు పెట్టేవారు. అవేవీ రాయలేదు. సంచిక ఇంటికి తీసుకెళ్లి ఇస్తే, మాస్టారి భార్య కళ్లజోడు పెట్టుకుని నా వ్యాసం మొత్తం చదివారు. చదివి, "బాగుంది. ఇందులో మీ మాస్టారు ఎక్కడున్నారు?" అన్నారు. ఆవిడ కోపంగా అనలేదు. నిజంగానే వెతుక్కున్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది.

అందుకే నా మొగ్గు రాయడం వైపే, క్లాసు సంగతితో సహా. కానీ దానికి కొన్ని ఫలితాలున్నాయి. అప్పుడు నవ్విన పదమూడు మంది ఆ సంచిక చదువుతారు. కొందరికి గుర్తు కూడా ఉండదు, కొందరు "చచ్చినవాడి మీద ఇప్పుడెందుకు" అంటారు. మాస్టారి అబ్బాయికి మొదట కోపం రావచ్చు. సంపాదకుడు ఆ పేరా తీసేయమనవచ్చు. అలా అయితే వ్యాసాన్నే వెనక్కి తీసుకోవడానికి మీరు సిద్ధపడి ఉండాలి. అచ్చుకి ఇచ్చే ముందు అమ్మగారికి చదివి వినిపించండి. ఆవిడ వద్దంటే, ఆవిడ కోసం ఆ పేరా ఆపి, వ్యాసం మీ దగ్గర ఉంచుకుని, పదేళ్ల తర్వాత ఇంకెక్కడైనా వేయొచ్చు. నిజం పాడైపోయే వస్తువు కాదు, కొన్నాళ్లు ఆగగలదు.

రాస్తే ఎలా రాయాలంటే, క్లాసులో ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో. మీకెంత బాధేసిందో వర్ణించకుండా. తర్వాత మగ్గం గుంట. తర్వాత నోటుపుస్తకంలో ఆ రెండు లైన్లు, ఆయన రాసినట్టే. మధ్యలో "కానీ", "అయినా" అని అతకకండి. ఆయన పశ్చాత్తాపపడ్డారనీ, మీరు క్షమించేశారనీ రాయకండి. అవి పక్కపక్కన ఉంటే చాలు, చదివేవాళ్లకు కళ్లున్నాయి. ఫోన్ సంగతి రాయాలా అంటారేమో. ఈ వ్యాసంలో వద్దనిపిస్తుంది. అది రాస్తే వ్యాసం మీ గురించి అయిపోతుంది. నాలుగేళ్లలో 40 పేజీలే చేశానన్నది మాత్రం దాచకండి. మిగతా ఐదుగురు పనిలోకి దిగేది ఆ వాక్యం చదివాకే.

ఇంకొక్కటి, నన్నడిగితే అన్నిటికన్నా తొందరైనది ఇదే. వ్యాసం ఆగుతుంది, సంచిక ఆలస్యమైతే కొంపలు మునగవు. కానీ ఆ నోటుపుస్తకాల్లో ప్రశ్నార్థకం పెట్టి వదిలేసిన మాటలున్నాయన్నారు. ముప్పైకి పైగా లెక్కపెట్టానన్నారు, ఎక్కువ మగ్గానివే అన్నారు. పడుగు, పేక, నాడె, కండె మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన ప్రశ్నార్థకం పెట్టినవి మనిద్దరికీ తెలియనివి. ఎం.ఏ. చదివిన మీకు తెలియవు, ఏ నిఘంటువులో ఉన్నాయో లేవో వెతికితే గానీ తేలదు. వాటి అర్థం తెలిసిన మనిషి మీ ఇంట్లో, మీ పక్క గదిలో ఉన్నారు. 86 ఏళ్లు. ఈమధ్య పేర్లు తడబడుతున్నారని కూడా రాశారు.

కాబట్టి ఫొటోలన్నీ అయ్యేదాకా ఆగకండి. ప్రశ్నార్థకాలున్న పేజీలు ముందు తీసుకోండి. అవ్వ మధ్యాహ్నం కునుకు తీసి లేచాక పక్కన కూర్చోండి. మాటకి అర్థమేమిటని అడిగితే పెద్దవాళ్లు తికమకపడతారు, మాస్టారు మీ నాన్నగారిని అడిగినట్టే అడగండి. ఇది దేనికి, ఎక్కడ కడతారు, తెగితే ఏం చేస్తారు అని. వీలైతే పాత సామాన్లేవైనా తెచ్చి చేతికివ్వండి. అవ్వ వేళ్లకు గుర్తున్నవి నోటికి గుర్తుండకపోవచ్చు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పక్కన ఉంచండి. ఆవిడ చెప్పింది చెప్పినట్టే, ఆవిడ పలికినట్టే రాసి, ఊరు, ఏడాది వేయండి. పెన్సిలుతో, మాస్టారి చేతిరాతకు తగలకుండా, పక్కన.